బిళ్ళ కట్టుకోమంటే పల్లకీలు దించేశారు: 1827 కలకత్తా బోయీలది తప్పా, ఒప్పా?

వంతెనకింద
మొన్న ఆటో మీటర్ల గొడవలో ఎవరో "రేటు కట్టడి చేస్తే బండి ఆపేయడం కొత్తేం కాదు, కలకత్తాలో పల్లకీ బోయీలు ఏనాడో చేశారు" అన్నారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. 1827లో కంపెనీ ప్రభుత్వం కొత్త నిబంధనలు పెట్టింది. పల్లకీ మోసేవాడు పోలీసు దగ్గర పేరు రాయించుకోవాలి, లైసెన్సు తీసుకోవాలి, చేతికి నంబరు బిళ్ళ కట్టుకోవాలి. కూలి ఎంతో కూడా సర్కారే ఖరారు చేసింది. బోయీల్లో ఎక్కువమంది ఒడియావాళ్ళు. మండే మే నెలలో పల్లకీలు దించేసి మైదానంలో గుమిగూడారు. పని ఆపేశారు, చాలామంది ఊళ్ళకి వెళ్ళిపోయారు.

నా మట్టుకు తప్పు బోయీలదే. ఓడ దిగి ఘాటు మెట్లెక్కినవాడికి భాష రాదు, దూరం తెలియదు, అడిగినంతా ఇచ్చుకోవాల్సిందే. పోర్టు ఊళ్ళో రేటు పట్టీ లేకపోతే అది పట్టపగలు దోపిడీ. సామాను పోతే ఫిర్యాదు చేయడానికైనా నంబరు ఉండాలిగా.

బందరులడ్డు
అయ్యా, కూలి కట్టింది సమయం లెక్కన. మరి గడియారం ఎవరి జేబులో ఉంది? లోపల కూర్చున్న దొర జేబులో. ముప్పావు గంటయిందని ఆయనంటే, కాదు గంటన్నరని బోయీ దేన్ని చూపించి చెప్పాలి? నేను ఆ కాలంలో ఉంటే ముందు అడిగేది ఇదే. నిబంధన రెండువైపులా కట్టడి చేయాలి. ఇది ఒకవైపే బిగించింది.

ఎర్రచొక్కా
బిళ్ళ సంగతి నేను చెప్తా. మా తాతయ్య విజయవాడ స్టేషన్లో కూలీ. ఇత్తడి బిళ్ళని ఆదివారం ఆదివారం చింతపండు పెట్టి తోమి ఎండలో పెట్టేవాడు. ఆ నంబరే ఆయన బతుకుతెరువు. అది ఉంటేనే ప్లాట్‌ఫాం మీదకి రానిచ్చేవాళ్ళు. కాబట్టి బిళ్ళంటేనే అవమానం అంటే నేనొప్పుకోను.

అయితే మన భాషలో బిళ్ళబంట్రోతు అని ఒక మాటుంది చూడండి. ఆ బిళ్ళ చూస్తే జనం పక్కకి తప్పుకుంటారు, ఎందుకంటే దాని వెనక సర్కారు ఉంది. బోయీ బిళ్ళ వెనక ఎవరున్నారు? పోలీసు. దొంగైతే పట్టుకోవడానికి వేసిన గుర్తు అది. పైగా అది కట్టుకుంటే కులం చెడుతుందని వాళ్ళ భయం. ఇప్పుడు మనకి నవ్వు రావచ్చు, ఊళ్ళో పంక్తిలో కూర్చోనివ్వకపోతే వాళ్ళకి నవ్వులాట కాదు.

వంతెనకింద
బాగా చెప్పారు తాతగారి మాట. కానీ మీ వాదనే పట్టుకుంటే ఏ నిబంధనా నిలబడదు. అదే ఊళ్ళో 1837లో ఇంకో చట్టం వచ్చింది, ఇళ్ళకి గడ్డి, ఆకు కప్పు వేయకూడదని. వేసవి వస్తే బస్తీలకి బస్తీలు తగలబడిపోయేవి మరి. అది కూడా పేదవాడి మీద దౌర్జన్యమేనా?

తాటాకుపాక
దీనికి నేను పలక్కుండా ఉండలేను. మాది కోనసీమ. నా ఎనిమిదో ఏట మా వీధి చివర పాక అంటుకుంది. తాటాకు నిప్పు మీకు తెలియదు. మండదు, ఎగురుతుంది. వెలుగుతున్న ఆకు ముక్క గాల్లో లేచి నాలుగిళ్ళవతల వాలేది. మగాళ్ళంతా ఇంకా అంటుకోని కప్పులెక్కి ఆకు లాగి పడేస్తున్నారు. మా నాన్న మా ఇంటి కప్పు తనే పీకేశాడు. ఇల్లు కాలకుండానే ఇంటికి కప్పు లేకుండా పోయింది. కాబట్టి గడ్డి కప్పు మానిపించడం మంచి పనే అని ఎవరికైనా చెప్తాను.

కానీ పెంకు ఎవరు కొనాలి? కలకత్తా బస్తీలో నేల జమీందారుది, గుడిసెలు వేసి అద్దెకిచ్చేవాడు వేరొకడు, ఉండేవాడు మూడోవాడు. పెంకు ఖర్చు చివరికి ఎవరి అద్దెలో కలుస్తుందో లెక్కల మాస్టారు అక్కర్లేదు. నిప్పు నుంచి కాపాడటం వేరు, ఊళ్ళోంచి సాగనంపడం వేరు. ఈ చట్టం రెండూ ఒకేసారి చేసింది.

పాతఫైళ్ళు
అసలు నిప్పు ఆర్పే ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చూస్తే ఈ చర్చకి పనికొస్తుంది. 1893లో బెంగాల్ ప్రభుత్వం గిడ్డంగులకి లైసెన్సులు, ఫైర్ బ్రిగేడ్, రెండూ కలిపి ఒకే చట్టం చేసింది. జనపనార లాంటి సరుకు నిలవచేసే గోదాముల లైసెన్సు రుసుముతో బ్రిగేడ్ నడపాలని దాని సారాంశం. పెత్తనం మాత్రం పోలీసు కమిషనర్‌దే. అంటే అక్కడా బోయీల సంగతిలాగే లైసెన్సు, పోలీసు. తేడా ఏమిటంటే, గోదాము యజమాని కట్టిన డబ్బుకి అతనికి నీళ్ళ ఇంజను వచ్చింది. బోయీకి ఏమొచ్చింది?

జనపనార
నేను విజయనగరం వైపు మిల్లులో ఇరవయ్యేళ్ళు చేశాను. గోదాములకి విడిగా చట్టం ఎందుకొచ్చిందో చేతులతో తెలుసు. నార బేలు పైన మంట ఆరినట్టే ఉంటుంది, లోపల కుములుతూనే ఉంటుంది. బేలు బయటికి లాగి, కట్టు కోసి, పొర పొర విప్పి తడపాలి. రాత్రి ఆర్పేశాం అనుకుని పడుకుంటే తెల్లారేసరికి మళ్ళీ పొగ. కలకత్తాలో హుగ్లీ పక్కన గోదాము గోడకి గోదాము ఆనుకుని ఉండేవి. పాత రోజుల్లోలా భిస్తీలు తోలుతిత్తులతో నీళ్ళు మోస్తే ఆరే మంట కాదది. యజమాని దగ్గర డబ్బు వసూలు చేయడం న్యాయమే, ప్రమాదం తెచ్చిపెట్టేది అతని సరుకు కాబట్టి.

బందరులడ్డు
అదేనండీ నేననేది. గోదాముల దగ్గర సూత్రం సరిగ్గా పట్టుకున్నారు, ప్రమాదం ఎవడిదో ఖర్చు వాడిది. పల్లకీ దగ్గర, పాక దగ్గర అదే సూత్రం ఏమైంది? ఇంకోటి వినండి, పశువుల్ని హింసించకుండా చూసే సంఘం కలకత్తాలో 1861లోనే పుట్టింది. ఎద్దు మెడ మీద పుండు గురించి సంఘం పెట్టుకున్న ఊరు, బోయీ భుజం మీద కాయ గురించి ఏం చేసిందో చెప్పండి.

వంతెనకింద
భుజం కాయ మాటకి నా దగ్గర జవాబు లేదు. సమయం లెక్క విషయంలో కూడా కొంత దిగొస్తాను, దూరం లెక్కన కడితే బాగుండేది. కానీ లైసెన్సు తప్పంటే ఒప్పుకోను. మరో సంగతి, సమ్మె వాళ్ళనే దెబ్బతీసింది. బీహార్ నుంచి రవానీ బోయీలు వచ్చి వాళ్ళ చోట్లో చేరారు. బ్రౌన్‌లో అనే దొర పల్లకీకి చక్రాలు తగిలించి గుర్రం కట్టాడని, బ్రౌన్‌బెరీ బండి అలా పుట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎర్రచొక్కా
సమ్మె ఓడిపోతే అడిగింది తప్పయిపోతుందా? అయినా ఆ గుర్రబ్బండికీ లైసెన్సు తప్పలేదు, ట్రామొచ్చింది, తరవాత చేతిరిక్షా వచ్చింది. 2006లో ఆ రిక్షాని ఆపడానికి బెంగాల్ అసెంబ్లీ సవరించింది కూడా అద్దెబండ్ల లైసెన్సుల కోసం ఉన్న పాత హాక్నీ క్యారేజీ చట్టాన్నే. మా తాతయ్య బిళ్ళ ఇంకా మా ఇంట్లో ఉంది. నంబరు అరిగిపోయింది, వెనక ఉన్న కొక్కెం మాత్రం గట్టిగానే ఉంది. ఫోటో రాత్రికి పెడతాను.