లైకుల సంఖ్య దాచినా నా వాక్యాలు మారిపోతూనే ఉన్నాయి

రోజూ రాత్రి ఒక బొమ్మ గీసి, ఆనాటి ఆలోచనను దాని కింద రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. నన్ను నేను గమనించుకోవడమే ఉద్దేశం, మెప్పు కాదు. ఖాతాను ప్రైవేటుగా మార్చాను, నోటిఫికేషన్లు ఆపేశాను, 2021లో వచ్చిన సదుపాయంతో లైకుల సంఖ్యనూ దాచాను. అయితే ఆ సెట్టింగు ఇతరుల కళ్లకే అడ్డు; ఎవరెవరు మెచ్చారో నేను నొక్కి చూసుకునే వీలు అలాగే ఉంటుంది. స్టోరీగా పెడితే చూసినవారి జాబితా మరీ ఊరిస్తుంది.

అసలు చిక్కు అంతకన్నా ముందే మొదలవుతోంది: ‘విసుగ్గా ఉంది’ అని రాసుకున్న వాక్యం, పోస్టు చేసేలోపు ‘విసుగూ ఒక విశ్రాంతే’ అని సోకులద్దుకుంటోంది. డ్రాఫ్టుల్లోనే దాచుకుంటే నిజాయతీగా రాయగలుగుతున్నాను గానీ, వారం తిరక్కుండానే బొమ్మలు గీయడం మానేస్తున్నాను.

చూసేవారున్నారన్న ఎరుక క్రమం తప్పకుండా గీయడానికి తోడ్పడుతూనే, రాసిన వాక్యాన్ని మార్చకుండా ఉండేందుకు మీలో ఎవరైనా ఏ పద్ధతి పాటిస్తున్నారు?