‘పనుందట’లో ఆ ‘ట’ ఎవరిది? కథ చదవడం నేర్పేటప్పుడు వచ్చే చిక్కు

ప్రశ్న: తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కథను నిదానంగా, మాటమాటా పట్టుకుని చదవడం నేర్పడానికి ఈ నాలుగు వాక్యాలు రాసుకున్నాను.

“సుభద్ర వాకిట్లోకి వచ్చేసరికి అతను వెళ్ళిపోయాడు. ఇవాళ కూడా ఆఫీసులో పనుందట. గొడుగు మాత్రం ఇక్కడే ఉంది. వాన తగ్గనే లేదు.”

‘ట’ దగ్గర ఆగమంటే అందరూ ‘వ్యంగ్యం’ అని రాసి ఊరుకుంటున్నారు. ఇంకా లోపలికి తీసుకెళ్ళడం ఎలా?

జవాబు: వ్యంగ్యం అనేది ఆఖరున తేలాల్సిన మాట అండీ, ముందే ఒప్పుకోకండి. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’లో వ్యంగ్యమేముంది? ‘ట’ చెప్పేది ఒక్కటే: ఈ సంగతి నేను చూసింది కాదు, విన్నది. ‘నేను నిద్రలో మాట్లాడానట’ అన్నా అంతే, సాక్షి వేరొకరు. కాబట్టి మొదటి ప్రశ్న ‘ఎవరి దగ్గర విన్నారు?’ అని ఉండాలి.

తీసి చూడటం, మార్చి చూడటం అని రెండు పనులు చేయించండి. ‘ట’ తీసేస్తే ‘ఆఫీసులో పనుంది’ అవుతుంది. పని నిజంగానే ఉందని కథకుడే పూచీ పడ్డట్టు. ‘పనుందన్నాడు’ అని మారిస్తే చెప్పింది అతనేనని ఖాయమవుతుంది. ఇప్పుడు మొదటి వాక్యానికి రమ్మనండి. ఆమె వచ్చేసరికే అతను వెళ్ళిపోయాడు. మరి ఈ కబురు ఆమెకు ఎలా చేరింది? ఇంట్లో మూడో మనిషి ఉండొచ్చు, అతను ముందే చెప్పి ఉండొచ్చు. ఏదో ఒకటి తేల్చేయాలని తొందరపడనివ్వకండి. దానికి ఆధారం ముందు పేరాలో ఉందేమో వెతకడమే వాళ్ళ పని.

మరో జవాబు: పై మాటకు చేర్పు. అసలు కీలకం ‘ఇక్కడే’లో ఉంది, పిల్లలు దాన్ని దాటేస్తారు. ‘గొడుగు మాత్రం అక్కడే ఉంది’ అని మార్చి చదివించండి. కథకుడు దూరం జరుగుతాడు. ‘ఇక్కడే’ అంటే మనం సుభద్ర పక్కన నిలబడి చూస్తున్నాం. అలా చూస్తే పై వాక్యంలోని ‘ట’ కూడా ఆమె మనసులోదే అనడానికి బలం వస్తుంది. ‘ఇవాళ కూడా’లో పాత రోజులున్నాయి, ‘మాత్రం’లో అనుమానం ఉంది. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తేనే ‘ఆమె నమ్మడం లేదు’ అని రాయనివ్వాలి.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. తరగతిలో వరుస ఎలా పెట్టుకోమంటారు?

జవాబు: నలభై నిమిషాలకైతే వంద, నూటయాభై మాటల భాగం చాలు. పంక్తులకు అంకెలు వేసి, మధ్యన ఖాళీ వదిలి రాసివ్వండి. మొదటిసారి పెన్సిల్ ముట్టకుండా చదవాలి. రెండోసారి గీతలు, ఐదుకు మించకూడదు. హద్దు పెట్టకపోతే పేజీ అంతా గీసేస్తారు, దేన్నీ ఎంచుకోరు. ఆ ఐదింటిలో ఒక్కదాన్ని పట్టుకుని మూడు ముక్కలు రాయాలి: మాట, అది లేకపోతే పోయేది, దాన్నిబట్టి నేననుకునేది. రెండోది రాయలేకపోతే మూడోదానికి మార్కులు వద్దు. ఆధారం లేని ఊహంతా ఆ మూడోదాంట్లోనే దొర్లుతుంది.

ఇంకొకరు: బిగ్గరగా చదివే పని మీరు పెట్టుకోకండి. మీరు ‘పనుందటా...’ అని సాగదీశారంటే జవాబు చెప్పేసినట్టే. ఇద్దరు పిల్లల చేత చదివించండి, ఒకరు మామూలు కబురులా, ఒకరు ఎత్తిపొడుపుగా. రెండూ కుదురుతున్నాయా, ఒకటి తర్వాతి వాక్యంతో తగువు పడుతోందా అని మిగతావాళ్ళను అడగండి.

జవాబు: ఔను, అది ముఖ్యం. భాగం ఎంచుకునేటప్పుడు సంభాషణలు ఎక్కువున్నది వద్దు. కొటేషన్ గుర్తుల్లో వచ్చే ‘ట’ పాత్రదేనని చూడగానే తెలిసిపోతుంది, వెతకడానికేం మిగలదు. కథనంలోనే రెండుమూడు చోట్ల ‘ట’ ఉండి, వాటిలో ఒకటైనా వట్టి కబురుగా ఉన్న భాగమైతే మేలు. అన్నిటికీ ‘వ్యంగ్యం’ అని రాసే పిల్లలు అక్కడ ఆగక తప్పదు.