ప్రైమరీ బడిలో ఆటలు: ఏ ఆటతో ఏం వస్తుంది, ఎక్కడ దెబ్బ తింటుంది?

దేవరకొండ_ఎస్జీటీ (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు తండాలో ప్రాథమిక పాఠశాల. 1 నుంచి 5 దాకా తరగతులు, ఇద్దరం టీచర్లం. పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు, పుస్తకంలో తెలుగుతో పాటు ఇంగ్లీషు. తొలిమెట్టు (ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం) మొదలైన 2022 నుంచీ "ఆటలతో నేర్పండి" అన్న మాట వింటున్నాం గానీ, ఏ ఆట దేనికి పనికొస్తుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఊరి ఆటల్లో లెక్కలకు ఏవి నిజంగా ఉపయోగం? భాష రాని ఒకటో తరగతి పిల్లలతో ఏం ఆడించాలి? ఇంకొకటి, తల్లిదండ్రులు "ఆడుకోనీకి బడికెందుకు, ఇంటికాడ ఆడుకుంటలేరా" అంటున్నారు. వాళ్లకేం చెప్పాలి?

పాలమూరు_లెక్కలు:

అష్టాచెమ్మతో మొదలుపెట్టకండి, అది మూడో తరగతి నుంచి ఆడించాల్సిన ఆట. చిన్నపిల్లలకు ముందు కావాల్సింది తిన్నని అంకెల బాట. చార్టు మీద ఒకే వరుసలో పది గడులు గీయండి, అన్నీ సమానంగా ఉండాలి, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 రాయండి. పందెం వేయడానికి ఒక సీసా మూత చాలు: బోర్లా పడితే 1, వెల్లకిలా పడితే 2. ఒకటో తరగతికి చింతగింజలు ఇవ్వకండి, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు.

దాదాపు ప్రతి బడిలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 5 మీద ఉన్న పాపకు 2 పడితే "ఒకటి, రెండు" అంటూ కాయ జరుపుతుంది. "ఆరు, ఏడు" అనాలి. మొదటి పద్ధతిలో కాయ కదులుతుంది గానీ, తాను ఏ అంకె దాటి ఏ అంకె మీదికి వచ్చిందో పాప చూడనే చూడదు. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఇలాంటి పది గడుల ఆటే ఆడించి 2008లో ఫలితాలు ప్రచురించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు. అంకెల గడుల మీద ఆడినవాళ్లకు ఏ సంఖ్య పెద్దది, గీత మీద ఏది ఎక్కడ వస్తుంది అన్న అంచనా మెరుగైంది. అంకెల్లేకుండా రంగులు మాత్రమే ఉన్న గడుల మీద ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. గుండ్రటి బాట కంటే తిన్నని బాటే మేలని ఆ తర్వాత చేసిన పరిశోధనలో తేలింది. అంటే ఆట మంచిదా చెడ్డదా అన్నది పాచికలో లేదు, గడుల అమరికలో, నోటితో పలికే అంకెలో ఉంది.

ఇదే కారణంతో 100 దాకా వెళ్లేటప్పుడు దుకాణంలో దొరికే వైకుంఠపాళి పటం వద్దు. అందులో రెండో వరుస కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది, 1 మీద 20 వస్తుంది, 10 మీద 11 వస్తుంది. పదుల లెక్క కంటికి కనబడదు. మీరే గీసుకుని ప్రతి వరుసనూ ఎడమ నుంచే మొదలుపెట్టండి. అప్పుడు 4 కు పై గడి 14, దాని పైన 24. పాములు, నిచ్చెనలు మీకు కావాల్సిన చోట పెట్టుకోవచ్చు. 34 నుంచి 44 కు నిచ్చెన వేస్తే పది కలపడం తానే అర్థమవుతుంది.

ఇక అష్టాచెమ్మ. 5 × 5 గడులు, నలుగురు పిల్లలు. చింతగింజలను గరుకు బండ మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీయండి, నాలుగూ ఒకే సైజువి ఏరండి. తెల్లవైపులు ఎన్ని పడితే అంత, నాలుగూ తెల్లగా పడితే చెమ్మ (4), నాలుగూ నల్లగా పడితే అష్ట (8). బడిలో ఆడించేటప్పుడు రెండు మార్పులు చేయాలి. ఒకటి, మనిషికి నాలుగు కాయలు కాకుండా రెండే, లేకపోతే పీరియడ్‌లో ఆట తెగదు. రెండు, "చెమ్మో అష్టో పడితేనే కాయ దిగాలి" అన్న నియమం కొన్ని ఊళ్లలో ఉంది, దాన్ని తీసేయండి. గింజలు రెండు వైపులా సమానంగా పడతాయనుకున్నా, 16 రకాల పాటుల్లో (పాటు అంటే గింజలు ఒకసారి వేయడం) 2 మాత్రమే చెమ్మ, అష్ట. అంటే సగటున ఎనిమిది పాట్లకు ఒకసారి. నలుగురి వంతుల మధ్య అన్ని పాట్లు వేచి చూస్తే ఏడేళ్ల పిల్లవాడు లేచి వెళ్లిపోతాడు, వెళ్లేది ఎక్కువగా లెక్కల్లో వెనకబడిన పిల్లలే.

ఆట మధ్యలో మీరు అడగాల్సిన మాట ఒక్కటే: "వాణ్ని చంపాలంటే నీకెంత పడాలి?" తీసివేత మొత్తం అందులోనే ఉంది. చురుకైన పిల్లలు పక్కవాళ్ల కాయలు కూడా జరిపేస్తారు. "ఎవరి కాయ వాళ్లే ముట్టుకోవాలి" అన్న నియమం ముందే పెట్టకపోతే నలుగురి ఆట ఒక్కడి ఆట అవుతుంది. ఐదో తరగతి వాళ్లతో 50 పాట్లు వేయించి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతల్లో నమోదు చేయించండి. రెండు ఎందుకు ఎక్కువసార్లు పడుతుందని వాళ్లే అడుగుతారు.

వామనగుంటలు (14 గుంటలు, గుంటకు 5 గింజలు, మొత్తం 70) ఐదో ఎక్కానికి మంచివి. ఇంకా వివరం కావాలంటే అడగండి.

ఆదిపఠనం_నల్గొండ:

భాష సంగతి. ఒకటో తరగతిలో అక్షరాల కంటే ముందు మాట రావాలి. మాట రావాలంటే మాట్లాడక తప్పని పరిస్థితి ఉండాలి. దానికి నటన ఆటను మించింది లేదు. మీ ప్రాంతానికి బస్సు ఆట పెట్టండి: దేవరకొండ, మల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం. ప్రతి స్టేజీకి ఒక అట్ట బోర్డు, పెద్ద అక్షరాలతో. డ్రైవర్, కండక్టర్, ప్రయాణికులు. చదవడం వచ్చిన రెండో తరగతి పిల్లను కండక్టర్‌గా పెడితే స్టేజీ వచ్చినప్పుడల్లా బోర్డు చదివి కేకేస్తుంది, మిగతావాళ్లు విని దిగుతారు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం) వచ్చింది కాబట్టి ఆడవాళ్ల వేషానికి పిల్లలు జీరో టికెట్టే కొడతారు. చిల్లర లెక్క కూడా కావాలనుకుంటే మగ ప్రయాణికులను, అర టికెట్ల మగపిల్లలను ఎక్కువ పెట్టండి.

దీనికి కనీసం అరగంట కావాలి. మొదటి పది నిమిషాలు ఎవరు ఏమవ్వాలన్న కొట్లాటలోనే పోతాయి, దాన్ని ఆపకండి. "నువ్వు డ్రైవర్, నేను కండక్టర్, తర్వాత మార్చుకుందాం" అని ఒప్పించుకోవడంలోనే ఎక్కువ భాష పుడుతుంది. టైమ్ లేదని టీచరే పాత్రలు పంచేస్తే అది నాటకం రిహార్సల్ అయిపోతుంది.

లంబాడీలో మాట్లాడితే ఆపవద్దు. ప్రయాణికుడు "పాణి" అంటే, దుకాణం వేషం వేసిన మీరు "నీళ్లా? ఇదిగో నీళ్లు" అని ఇచ్చేయండి. "తెలుగులో చెప్పు" అన్నారంటే ఆ పిల్లవాడు బస్సు దిగిపోయినట్టే. ఆడుతున్నప్పుడు పిల్లలు తమ వయసుకు మించి ప్రవర్తిస్తారని సోవియట్ మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ 1933లోనే అన్నాడు. క్లాసులో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లవాడు ప్రయాణికుడి వేషంలో పావుగంట కదలకుండా కూర్చుంటాడు, ఎందుకంటే ఆ నియమం వాడు ఒప్పుకున్నది.

గ్రౌండు_మిర్యాలగూడ:

బయటి ఆటల గురించి ఎవ్వరు చెప్తలేరు, అందుకే రాస్తున్న. ఔటయిన పిల్లగాడు పక్కకు కూర్చునే ఆటలు ప్రైమరీల వద్దు. కుర్చీలాటల ముందుగాల ఔటయ్యేది నెమ్మదిగ ఉండే పిల్లలే, ఉరుకుడు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే కూర్చుంటరు. ఔటయినోళ్లు బడి చుట్టూ ఒక రౌండు ఉరికి మళ్ల లోపలికి రావాలె, గంతే. నేల-బండల ఈ తంటా లేదు, దొరికినోళ్లే దొంగ అయితరు, అందరు ఆటలనే ఉంటరు.

తొక్కుడుబిళ్లకు ఒకటి, రెండు తరగతులకు గడి 40 సెంటీమీటర్లు సరిపోతది. అంతకంటే పెద్దగ గీస్తే ఒంటికాలు మీద అందక రెండు కాళ్లు పెడ్తరు. ఏడు పెంకులాటకు పెంకుల అంచులు బండకు రాసి మొద్దు చేయుండ్రి, బంతి గుడ్డదే ఉండాలె. పెద్ద మగపిల్లలు మైదానం మొత్తం క్రికెట్‌కు పట్టుకుంటరు, ఆడపిల్లలు గోడకు ఆనుకొని నిలబడ్తరు. సున్నంతోని జాగ పంచుండ్రి, క్రికెట్‌కు ఇంత, తొక్కుడుబిళ్లకు ఇంత అని.

కుస్తీ పట్టినట్టు మీద పడి ఆడుతుంటే వెంటనే విడదీయకుండ్రి. మొఖంల నవ్వు ఉండి, కింద పడ్డోడు మళ్ల పైకి వచ్చి, ఇద్దరు మళ్ల దగ్గరికే వస్తుంటే అది ఆటనే. మొఖం బిగుసుకొని ఒకడు తప్పించుకుపోవాలని చూస్తుంటే అది కొట్లాట, అప్పుడు ఉరుకుండ్రి.

మార్చిల ఒంటిపూట బడులు మొదలయినంక బయటి ఆట పొద్దుగాలనే, తొమ్మిదిన్నర దాటినంక వద్దు. నల్గొండ ఎండ సంగతి తెల్వంది కాదు. తలనొప్పి, కండ్లు తిరుగుడు అన్న పిల్లను నీడకు తెచ్చి నీళ్లియ్యాలె, ఆ దినం మళ్ల ఆడియ్యొద్దు.

దేవరకొండ_ఎస్జీటీ:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఒక్క అనుమానం: ఒక గుంపును ఆటలో పెట్టి ఇంకో తరగతికి పాఠం చెప్పడం కుదురుతుందా? గోల ఎక్కువై రెండూ పోతాయని భయం. తల్లిదండ్రుల మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

పాలమూరు_లెక్కలు:

కుదురుతుంది, కానీ కొత్త ఆటతో కుదరదు. కొత్త ఆటను మొదటి మూడు నాలుగు సార్లు మీరే పక్కన కూర్చుని ఆడించాలి. నియమాల మీద తగాదాలు పిల్లలే తీర్చుకోవడం మొదలయ్యాకే దాన్ని వాళ్లకు వదిలేయండి. గుంపుకు నలుగురే, ఐదో మనిషి చేరితే వంతు ఆలస్యమై గోల మొదలవుతుంది. వరండాలో చాప వేసి, పటం, గింజలు ఒక డబ్బాలో పెట్టి ఇవ్వండి. గింజలు లెక్కపెట్టి తీసుకుని, లెక్కపెట్టి తిరిగి ఇచ్చే పని ఒకరిది. ఆట అయ్యాక ఐదు నిమిషాల్లో మూడు లెక్కలు నోట్‌బుక్‌లో: "నేను 7 మీద ఉన్నాను, 3 పడింది, 10 కి వెళ్లాను. 7 + 3 = 10." అయితే రోజంతా ఇలాంటి పని ఉన్న ఆటలే అయితే పిల్లలు వాటిని పాఠంగానే చూస్తారు. మధ్యాహ్న భోజనం తర్వాత విరామం వాళ్ల సొంతం. అందులో ఏ లెక్కా దూర్చకండి, రాలేదని శిక్షగా కోసేయకండి.

తల్లిదండ్రులకు ఆ నోట్‌బుక్కే చూపించండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణ ద్వారా నేర్పమంటుంది, పై అధికారి అడిగితే ఆ మాట పనికొస్తుంది. తండాలో అమ్మకు మాత్రం చట్టం చెప్పకండి. మీటింగు రోజు పటం పరిచి బిడ్డతో ఒక ఆట ఆడించండి. అష్టాచెమ్మ చాలామంది అమ్మలకు తెలిసిన ఆటే. ఎంత పడితే ఏ కాయ చస్తుందో బిడ్డ ముందే చెప్పడం ఆమె కళ్లతో చూస్తుంది. వలస వెళ్లే కుటుంబాలుంటే పటాన్ని పాత చీర ముక్క మీద గీసి, గింజలు మూటకట్టి ఇచ్చి పంపండి, వెళ్లిన చోట బడి దొరక్కపోయినా లెక్క ఆగదు.