తాతమ్మ ఫోటోలో "జాకెట్టు"

బరంపురం నుంచి:
అందరికీ నమస్కారం. మా నడవలో వేలాడే తాతమ్మ ఫోటోని మొన్న చట్రం విప్పి తుడిచాం. వెనక అట్టకి చెద పట్టింది గానీ బొమ్మ చెక్కు చెదరలేదు. పెళ్ళయిన కొత్తలో తీయించుకున్నదట. చేతిలో పట్టుకుని చూస్తుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ఆవిడ కుర్చీ పక్కన నిలబడి ఉంది. చీర నల్లగా ఉంది. మెడ దాకా మూసిన తొడుగు, గొంతు చుట్టూ లేసు, భుజాల దగ్గర ఉబ్బి మణికట్టు దాకా బిగిసిన చేతులు. ఆ గుడ్డ మీదే, మోచేతికి పైన, దండకడియం. ఎడమ భుజాన పైట మడతల్ని పట్టి ఉంచిన బ్రోచి. కాళ్ళకి కడియాలున్నాయి, చెప్పులు లేవు. ఆ తొడుగుని మా అమ్మమ్మ "బుట్టచేతుల జాకెట్టు" అనేది. రవిక అని ఎప్పుడూ అనలేదు. ముందు ముడేసుకునేదే ఆవిడకి రవిక.

ఇంగ్లీషులో జాకెట్ అంటే పైన వేసుకునే కోటులాంటిది కదా, మనవాళ్ళు ఆ మాటని ఎక్కడో పొరపాటున అంటించుకున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఫోటో చూశాక ఆ అనుమానం తీరింది. 1890ల్లో దొరసానులు తొడిగిన ఉబ్బుచేతుల తొడుగులున్నాయే, తాతమ్మ ఒంటి మీదదీ ఆ కోవలోదే. అచ్చంగా జాకెట్టే. తరవాత చేతులు పొట్టివయ్యాయి, మెడ కిందికి దిగింది, లేసు పోయింది. పేరు మాత్రం అతుక్కుపోయింది.

తమిళులూ జాకెట్టే అంటారు. మా వీధిలో ఒడియావాళ్ళు బ్లౌజు అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా బరంపురం ఉన్న మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి తెలుగిళ్ళలో ఆ మాట ఇంత గట్టిగా నిలవడానికి ఆ సావాసమూ ఒక కారణమని నా నమ్మకం.

ఇంకొకటి గమనించారా? తాంబూలంలో పెట్టేటప్పుడు మాత్రం "రవికల గుడ్డ" అంటాం. పళ్ళెంలో ఉన్నంతసేపూ రవిక, దర్జీ చేతిలో పడితే జాకెట్టు!

జయపురం నుంచి:
బ్రోచిని మా మామ్మ "పైట పిన్నీసు" అనేది అక్కా. పార్సీ స్త్రీల చీరకట్టుని బొంబాయిలో చూసి, 1860ల్లో బెంగాల్లో వాడుకలోకి తెచ్చింది ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి. పొడుగు చేతులూ, భుజాన బ్రోచీ ఆ కట్టుతోనే పెద్దింటి ఆడవాళ్ళ ఫోటోల్లో కనిపిస్తాయి.

పర్లాకిమిడి నుంచి:
మా వైపు తాంబూలంలోది కూడా "జాకెట్టు ముక్క" అయిపోయిందక్కా. రవిక అన్న మాట మా పిల్లలకి తెలీదు. ఒక సందేహం. కొత్త పెళ్ళికూతురికి నల్లచీర ఎలా కట్టనిచ్చారు?

బరంపురం నుంచి:
మంచి మాట అడిగావు చెల్లీ. అది నల్లచీర కాదు. అప్పట్లో కెమెరాలో ఫిల్ముకి బదులు పెట్టే గాజుపలకల మీద పూసే మందు నీలి వెలుగునే బాగా పట్టేది. ఎరుపు దానికి చీకటితో సమానం, పసుపూ మసకే. అందుకే ఎర్రచీర నల్లగా పడేది, లేత నీలం చీర దాదాపు తెల్లగా పడేది. పసుపు రాసుకున్న ముఖం ఉన్నదానికన్నా చామనగా కనిపించేది. తాతమ్మ నుదుట కుంకుమ చూడు, కాటుక చుక్కలా ఉంటుంది. అమ్మమ్మ ఎవరు అడిగినా ఊరుకునేది కాదు, "నలుపేటే, అది మన బరంపురం ఎర్రపట్టు, అంచు పొడుగునా గుడి శిఖరాలే" అనేది. అంచుని భూతద్దం పెట్టి చూశాను. శిఖరాలు ఉన్నాయి.

బంగారం కూడా మసకగానే పడేది. కాసులపేరు మెరవకపోతే ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా! ప్రింటు మీద నగల్ని కుంచెతో పసుపు రంగు దిద్దడం అప్పటి స్టూడియోల్లో మామూలు. మా ఫోటోలో ఒక్క కాసులపేరే దిద్దారు, ముక్కున అడ్డబాసని వదిలేశారు. దగ్గరగా చూస్తే ఒక కాసు మీద రంగు గీత దాటింది.

రాయగడ నుంచి:
అమ్మా, మా ఇంట్లో ఒకటుంది. మా నాయనమ్మకి పూలజడ వేసి, వెనక నిలువుటద్దం పెట్టి తీశారు. ముఖమూ జడా ఒక్క ఫోటోలోనే. అద్దంలో నాగరం, చామంతి బిళ్ళ, చివర మూడు జడగంటలు స్పష్టంగా ఉన్నాయి. మీ వైపు వాటిని ఏమంటారు?

బరంపురం నుంచి:
మేం జడకుప్పెలు అంటాం బాబూ. తాతమ్మని ఎదురుగా నిలబెట్టారు కాబట్టి ఫోటోలో అవి లేవు. మూడింట్లో రెండు మా అమ్మ పెట్టెలో ఉన్నాయి, వెండివి, ఒకదానికి పట్టుకుచ్చు కూడా ఊడలేదు. రేపు వెలుతురులో ఫోటో తీసి పెడతాను.