మంచులో తిప్పడానికి ఏటీవీ: 250 సీసీవి మూడా, 570 ఫోర్‌వీల్ డ్రైవ్ ఒకటా?

కొర్లగుంట_ట్రావెల్స్:
అన్నలకు నమస్కారం. మాది తిరుపతి. చలికాలంలో మనాలికి గ్రూపులు పంపిస్తుంటాం. సోలాంగ్ దగ్గర తెలిసినాయన హోమ్‌స్టే వెనక ఏటవాలు స్థలం ఉంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ గెస్టులను తిప్పడానికి, సామాను మోయడానికి ఏటీవీ (లావు టైర్ల నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి) కావాలి. ఉన్న డబ్బులకు 250 సీసీ టూవీల్ డ్రైవ్ సెకండ్‌హ్యాండ్‌వి మూడొస్తాయి, లేదంటే పోలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 ఒకటి. మంచు ఒక్కోసారి మోకాలి లోతు పడుతుందంట. ఇక్కడే సర్వీసు చేయించి లారీకెక్కిద్దామని. ఏది కొనాలి, ఏమేం చేయించి పంపాలి?

పలమనేరు_పిస్టన్:
మూడొస్తున్నాయని ఆశపడొద్దు స్వామీ. ఆ 250లు రిసార్టుల్లో ఎర్రమట్టి మీద తిరగడానికి పనికొస్తాయి. వెనక ఒకటే యాక్సిల్, దానికి చైను, స్ప్రాకెట్, బ్రేకు డిస్కు. ఇవన్నీ బండికి అన్నిటికంటే కిందున్న భాగాలు, మంచు ముందు పట్టేది అక్కడే. ముందు చక్రాలకు పవర్ లేదు కాబట్టి ఎక్కుడులో వెనక టైరు ఒకసారి తిరగడం మొదలైతే గుంత తవ్వుకుంటుంది. బండి పొట్ట మంచు మీద కూర్చుంటుంది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత నొక్కినా లాభం లేదు.

570కి 44 హార్స్‌పవర్, నేలకూ బండికీ మధ్య దాదాపు 11 అంగుళాలు. ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చేది) స్విచ్ వేస్తే వెనక చక్రం జారిన క్షణంలో ముందు రెండూ కలిసి లాగుతాయి. యమహా గ్రిజ్లీ 700 మంచి కండిషన్‌లో దొరికితే అదీ చూడు, ముందు డిఫ్‌లాక్‌కు, అంటే ముందు రెండు చక్రాలనూ ఒకేలా తిప్పేదానికి, స్విచ్ వేరే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ ఏదైనా సరే, స్టాండు మీద ఎత్తి ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో తిప్పి చూడకుండా డబ్బులివ్వొద్దు. దిగుడుకు ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచేది) ఉన్న మోడలే కావాలి. లేకపోతే ఇలా బెల్టుతో నడిచే బండి స్పీడు తగ్గేసరికి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారుతుంది.

ఒక్కమాట. 570 బరువు 300 కిలోలు దాటుతుంది. ఇరుక్కుంటే నలుగురు ఎత్తేది కాదు, వించ్ (మోటారుతో తాడు చుట్టి బండిని లాగేది) తప్పదు.

చంద్రగిరి_గ్యారేజ్:
హార్సిలీ హిల్స్ చలి చూసి అంచనా వేయొద్దు తమ్ముడూ. అది 1,265 మీటర్లు, నీళ్లు గడ్డకట్టే చలి కాదు. సోలాంగ్ 2,500 మీటర్ల పైన.

ముందు రేడియేటర్. మన దగ్గర చాలాచోట్ల ఉత్త నీళ్లే పోసి పంపిస్తారు. అది గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, బ్లాకు పగులుతుంది. పాతదంతా వంచేసి ఇథిలీన్ గ్లైకాల్ కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించు. మైనస్ 35 దాకా భయం లేదు. ఇంజినాయిల్ బుల్లెట్‌కి పోసేది వద్దు, 5డబ్ల్యూ-50 ఫుల్ సింథటిక్ పోయించు. పొద్దున్నే సెల్ఫ్ తిరగడం తిరగకపోవడం దీని మీదే ఉంటుంది. బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గరే ఐదో వంతు బలం పోగొట్టుకుంటుంది, రాత్రికి విప్పి గదిలో పెట్టమను.

అసలు ప్రమాదం యాక్సిలరేటర్ కేబుల్‌ది. సర్వీసు అయ్యాక ప్రెషర్ వాష్ కొడతారు కదా, ఆ నీళ్లు కేబుల్ తొడుగులో ఉండిపోయి అక్కడ గడ్డకడతాయి. నొక్కిన బొటనవేలు తీసినా యాక్సిలరేటర్ వెనక్కి రాదు. వాష్ వద్దని చెప్పు, లేదా కేబుల్ విప్పి ఆరబెట్టి లూబ్ కొట్టించు. రోజూ స్టార్ట్ చేసే ముందు నొక్కి వదిలి టక్కుమని వెనక్కొస్తుందో లేదో చూడాలి. గెస్టుకు బండి ఇచ్చే ముందు ఇంజిన్ ఆపే రెడ్ స్విచ్ ఎక్కడుందో చేత్తో తాకించాలి.

మంచులో నెమ్మదిగా పోయేటప్పుడు ఎప్పుడూ ఎల్ (లో) గేరే. హెచ్ (హై)లో పోతే బెల్టు పుల్లీ మీద జారి ఒకేచోట అరుగుతుంది, రబ్బరు కాలిన వాసనొస్తుంది. స్పేర్ బెల్టు ఒకటి బండితోనే పంపు.

పీలేరు_రైడర్:
టైర్ల గాలి గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ 32 డిగ్రీల్లో 6 పీఎస్‌ఐ పెట్టి పంపావనుకో. మైనస్ 5కి చల్లబడితే, చలి ఒక్కటే లెక్కేస్తే, 3.5కి దిగాలి. కానీ అక్కడ బయటి గాలి పలచన, అందుకే గేజీలో 7 దగ్గర చూపిస్తుంది. టైరు గట్టిగా ఉండి మంచు మీద జారుతుంది. అక్కడికెళ్లాక మళ్లీ కొలిచి 4కి దించాలి. 3 కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. పెట్రోల్ బంకు గేజీ ఈ అంకెలు చూపించదు, 10 పీఎస్‌ఐ లోపలిది వేరే కొనాలి.

టైర్లకు చుట్టే చైన్లు ఐసు మీదికే. మెత్తటి మంచులో చైన్లు గుంతను ఇంకా తొందరగా తవ్వుతాయి.

కొర్లగుంట_ట్రావెల్స్:
థ్యాంక్స్ అన్నా. 570 ఖాయం. మోకాలి లోతుకు టైర్లు తీసి ట్రాకులు (యుద్ధ ట్యాంకుకు ఉన్నట్టు రబ్బరు పట్టాలు) బిగిస్తారంట కదా, అవి తీసుకోవాలా? వెనక గెస్టును కూర్చోబెట్టొచ్చా?

పలమనేరు_పిస్టన్:
ట్రాకులు బిగిస్తే బరువు పరుచుకుంటుంది, బండి మంచు పైనే తేలుతుంది. నిజమే. కానీ చవక కాదు, స్పీడు పడిపోతుంది, పవర్ స్టీరింగ్ లేకపోతే చేతులు పోతాయి, రాళ్లు తేలిన చోట రబ్బరు అరిగిపోతుంది. నీకున్నది ఒక్క ఏటవాలే కాబట్టి నేనైతే కొనను. మోకాలి లోతు అయ్యేదాకా ఆగకుండా ఆరంగుళాలు పడగానే బండితో అదే దారిన నాలుగైదుసార్లు పోయి తొక్కించాలి. సాయంత్రం తొక్కితే రాత్రికి గట్టిపడుతుంది, పొద్దున్నే దారి తయారు. పక్కకు దిగితే మాత్రం ఇరుక్కుంటావు, అంచుల్లో కర్రలు పాతించు.

సింగిల్ సీటు బండి మీద ఇద్దరొద్దు. వెనక బరువు పెరిగితే ఎక్కుడులో ముందు చక్రాలు లేస్తాయి. ఇద్దరికి కావాలంటే టూరింగ్ మోడల్ వేరే ఉంది. మామూలు ఏటీవీకి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, లారీ నేరుగా స్థలం దాకా పోవాలి. 570లో ట్రాక్టరుగా రిజిస్టరయ్యేది వచ్చింది, దాని సంగతి డీలరును అడుగు.

చంద్రగిరి_గ్యారేజ్:
ఇంకోటి. రాత్రి ఆపే ముందు బ్రేకు కొద్దిగా నొక్కి పట్టుకుని యాభై అడుగులు నడిపితే ప్యాడ్లు ఆరతాయి, డిస్కుకు అతుక్కోవు. పార్కింగ్ బ్రేకు వేయొద్దు, గేరు లివర్ పీ (పార్క్)లో పెట్టాలి. నాలుగు టైర్ల కిందా పలకలు వేయమను, నేలకు గడ్డకట్టకుండా.