అప్‌డేట్: బైడెన్ కేబినెట్‌లో ముందు ఎవరు వెళ్లిపోతారు?

2021 మొదట్లో అడిగిన ప్రశ్న ఇది. 15 శాఖల కార్యదర్శుల్లో (మన మంత్రుల్లాంటివాళ్లు) ఎవరు ముందు దిగిపోతారో అంచనా వేయడం ఎలా అని. చాలామంది ట్రంప్ మొదటి ఏడాదిని చూడమన్నారు. 2017 జూలైలో జాన్ కెల్లీ హోంల్యాండ్ సెక్యూరిటీ (దేశ అంతర్గత భద్రత) శాఖ వదిలి వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా వెళ్లాడు, సెప్టెంబరులో ప్రభుత్వ ఖర్చుతో చార్టర్ విమానాల్లో తిరిగిన గొడవతో ఆరోగ్య కార్యదర్శి టామ్ ప్రైస్ రాజీనామా చేశాడు. బైడెన్ దగ్గర ఆ లెక్క పనిచేయలేదు. నాలుగేళ్లలో ఆ 15 మందిలో వెళ్లింది ఇద్దరే. 2023 మార్చిలో కార్మిక శాఖ మార్టీ వాల్ష్, హాకీ ఆటగాళ్ల సంఘం నడపడానికి (ఇది ఎవరి ఊహకైనా అందుతుందా!). 2024 మార్చిలో గృహనిర్మాణ శాఖ మార్షా ఫడ్జ్.

వివాదం వస్తే పదవి పోతుందన్న సూత్రమూ నిలవలేదు. రక్షణ కార్యదర్శి ఆస్టిన్ 2024 జనవరిలో ఆసుపత్రిలో చేరి, కొన్ని రోజులు వైట్‌హౌస్‌కే చెప్పలేదు. రాజీనామా చెయ్యాలని గోల జరిగినా కదల్లేదు. హోంల్యాండ్ సెక్యూరిటీ కార్యదర్శి మయోర్కాస్‌ను ప్రతినిధుల సభ అభిశంసించినా సెనేట్ కొట్టేసింది, ఆయనా ఉన్నాడు.

నా మటుకు నేను ఇప్పుడు చూసేది ఒకటే: వెళ్లినవాళ్ల స్థానంలో ఇంకొకర్ని సెనేట్‌లో గట్టెక్కించడం ఎంత కష్టం? వాల్ష్ తర్వాత బైడెన్ ప్రతిపాదించిన జూలీ సూ అనే ఆమెకు చివరిదాకా ఆమోదం దొరకలేదు. పదవీకాలం ముగిసేవరకు తాత్కాలిక కార్యదర్శిగానే పని లాగించింది.