నడకదారి పక్కన పూల క్రాబ్ యాపిల్: ఏ రకం నాటాలి?

వాకిటిచెట్టు:
మా నడకదారి పక్కనున్న పాత క్రాబ్ యాపిల్ (పూల అందం కోసం పెంచే, చిట్టి కాయల యాపిల్ చెట్టు) వసంతంలో విరగబూస్తున్నప్పటికీ, ఏటా నడివేసవికల్లా ఆకులపై మసక ఆకుపచ్చ మచ్చలు పడి, పసుపుబారి రాలిపోతున్నాయి. దీన్ని తీసివేసి కొత్త మొక్క నాటదలచాను. పండ్లు రాలి దారి పాడవుతున్నందున, అసలు కాయలే కాయని ‘స్ప్రింగ్ స్నో’ రకం మేలని నర్సరీవారు అంటున్నారు. పెంచినవారు సలహా ఇవ్వగలరు.

నీరెండ:
అది స్కాబ్ తెగులు. ఆకు పైభాగాన ఆ మచ్చను దగ్గరగా చూస్తే, అంచులు చెదిరి, ముఖమల్‌లా నూగుగా కనిపిస్తుంది. దీనికి కారణమైన శిలీంధ్రం రాలిన ఆకుల్లోనే చలికాలం గడిపి, వసంతపు వానలకు లేత ఆకులను పట్టుకుంటుంది. ‘స్ప్రింగ్ స్నో’ కాయదన్న మాట నిజమే గానీ, అదీ ఈ తెగులుకు లొంగిపోయేదే. పూలు నిలిచేది ఒకటి రెండు వారాలు, ఆకులు కనబడేది నెలల తరబడి. కాబట్టి పూల రంగు కన్నా ముందు తెగులును తట్టుకునే గుణాన్ని చూడాలని నా అభిప్రాయం. ముదురు గులాబి పూల ‘ప్రైరీఫైర్’, తెల్లపూల ‘షుగర్ టైమ్’ ఈ విషయంలో మెరుగైనవి. వాటి కాయలు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే ఉండి, చలికాలం దాకా కొమ్మలనే అంటిపెట్టుకుంటాయి; చాలావరకు పిట్టలే తినేస్తాయి. చోటు తక్కువైతే 6 నుంచి 8 అడుగుల ఎత్తు పెరిగే ‘సార్జెంట్’ చాలు, అయితే అది ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా విస్తరిస్తుంది.

వాకిటిచెట్టు:
కృతజ్ఞతలు. రాలిన ఆకులను ఎప్పటికప్పుడు ఊడ్చేస్తే పాత చెట్టునే నిలబెట్టుకోవచ్చా?

వేరుమొదలు:
ఊడ్చితే ఉధృతి కొంత తగ్గుతుంది. అయితే చుట్టుపక్కల తెగులు సోకిన చెట్లుంటే వాటి నుంచి గాలికి శిలీంధ్రపు సిద్ధబీజాలు (తెగులును వ్యాపింపజేసే సూక్ష్మ కణాలు) వస్తూనే ఉంటాయి గనుక, వానలు ఎక్కువైన వసంతంలో ఆ శ్రమ ఫలించదు. మార్చడమే మంచిది, కానీ అదే గుంతలో నాటకండి.

రోజుకు కనీసం 6 గంటల ఎండ, నీరు నిలవని నేల ఉండేలా చూసుకోండి. వేర్లు చీలే మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. కత్తిరింపులు చలికాలం చివర చేయాలి. ఉత్తరార్ధగోళంలో మరుసటి ఏటి పూమొగ్గలు జూన్ నడిమి నుంచే రూపుకడతాయి కాబట్టి, ఆ తరువాత కత్తెర పెడితే పూత తగ్గుతుంది. అంటుకు కింద నుంచి వచ్చే పిలకలను మాత్రం ఏ కాలంలోనైనా తీసేయవచ్చు. వదిలేస్తే అవి మీరు కోరిన రకాన్నే మింగేస్తాయి.